స్టేషన్ కడతాం సరే... చెడితే వెళ్లి బాగుచేసేదెవరు?

కోనసీమలో 'బ్లోఅవుట్' అన్న ఇంగ్లిష్ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. 2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో ఓఎన్‌జీసీ బావి దగ్గర మంట లేచింది. పాత బావిలో మరమ్మతు పని జరుగుతుండగా గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. రాజోలు నుంచి అమలాపురం దాకా పెద్దవాళ్ల నోట ఆ రోజు వచ్చిన మాట ఒక్కటే: పాశర్లపూడి.

1995 జనవరి 8న పాశర్లపూడిలో అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. రాత్రి కూడా పగల్లా వెలుతురు. ఇళ్లు వదిలిపోయిన జనం. అప్పట్లో బావి తవ్వడం మనకు తెలుసు గానీ, అది తిరగబడితే దగ్గరకెళ్లి మూత వేసే పనితనం మన చేతుల్లో లేదు. అమెరికా నుంచి నిపుణులను పిలిపించాల్సి వచ్చింది. ఇరుసుమండలో మాత్రం ఓఎన్‌జీసీ సొంత క్రైసిస్ మేనేజ్‌మెంట్ బృందం దిగింది, వారం తిరగకముందే మంట ఆరింది. రెండు బావుల ఒత్తిడి ఒకటి కాదు, రెండు ప్రమాదాలనూ ఒకే తక్కెడలో తూచలేం. అయినా 30 ఏళ్లలో ఒక తేడా వచ్చింది. చెడినదాని దగ్గరకు వెళ్లగలిగే మనుషులు, వాళ్ల సామాను, వాళ్ల అలవాటు ఈసారి దేశంలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఇదే లెక్క భూమికి 400 కిలోమీటర్ల పైన వేసుకోవాల్సిన రోజులొచ్చాయి. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, అంటే భారతీయ అంతరిక్ష స్టేషన్, పూర్తి చేస్తామని కేంద్రం చెబుతోంది. మొదటి మాడ్యూల్ 2028లో ఎక్కించాలన్నది ప్లాన్. 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ గగన్‌యాన్ కార్యక్రమాన్ని పెంచి ఈ మొదటి మాడ్యూల్‌ను కూడా అందులో కలిపింది. మొత్తం ఖర్చు 20,193 కోట్ల రూపాయలు, 2028 డిసెంబరు లోపు ఎనిమిది ప్రయోగాలు. ఇదంతా మన సూళ్లూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచే లేస్తుంది. టీవీల్లో కౌంట్‌డౌన్ చూపిస్తారు, స్కూళ్లలో పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తారు, కొట్టించాలి కూడా. అయితే ఎగరడం గురించి జరిగినంత చర్చ, ఎగిరినది పైన పాడైతే ఏం చేస్తామన్న దాని మీద జరగడం లేదు.

పాడవుతుందా అంటే, ఇప్పటిదాకా మనుషులు పైన కట్టిన ఇళ్లలో దాదాపు ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పాడైంది. అందులో ఒకదానితో మన దేశానికి, మన హైదరాబాద్‌కు, చివరికి ఉర్దూ భాషకు కూడా చుట్టరికం ఉంది.

రాకేశ్ శర్మ ఉన్న ఇల్లు

1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో బయల్దేరిన రాకేశ్ శర్మ పుట్టింది పటియాలాలో అయినా చదివింది హైదరాబాద్‌లో. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్, తర్వాత నిజాం కాలేజీ. పై నుంచి భారత్ ఎలా కనబడుతోందని ఇందిరాగాంధీ అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు అల్లామా ఇక్బాల్ 'తరానా-ఎ-హిందీ' లోనిది. ఆ సంగతి ఈ పేజీ చదివే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన ఏ స్టేషన్‌లో నిలబడి ఆ మాట అన్నాడో, ఆ స్టేషన్‌కు తర్వాత ఏమైందో మాత్రం చాలామందికి తెలియదు.

దాని పేరు సల్యూత్-7. సోవియట్ యూనియన్ 1982 ఏప్రిల్‌లో ఎక్కించింది. శర్మ తిరిగొచ్చిన పది నెలలకు, 1985 ఫిబ్రవరి 11న, అది ఉన్నట్టుండి మూగబోయింది. అప్పుడు లోపల మనుషులెవరూ లేరు. రేడియో పలకదు, కింది నుంచి ఆదేశం పంపితే తీసుకోదు. దాదాపు 20 టన్నుల ఇనుము, దిక్కూ దిశా లేకుండా భూమి చుట్టూ తిరుగుతోంది.

వదిలేయడం ఒక దారి. ఎక్కడో పడుతుంది, ఎవరి మీద పడుతుందో తెలియదు. వెళ్లి బాగుచేయడం రెండో దారి. అప్పటిదాకా ప్రాణం లేని స్టేషన్‌కు ఎవరూ డాకింగ్ చేయలేదు. మామూలుగా నౌక, స్టేషన్ రెండూ ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకుంటూ దగ్గరకొస్తాయి. రెండు పడవలను తాడేసి దగ్గరకు లాక్కున్నట్టన్నమాట. ఇక్కడ ఒక పడవలో మనిషే లేడు. తాడు అందుకునే చెయ్యి లేదు.

రెండో దారే పట్టారు. ఇద్దరిని ఎంపిక చేశారు. వ్లాదిమిర్ జానిబెకోవ్, విక్టర్ సవినిఖ్.

జానిబెకోవ్ పేరు దగ్గర కాస్త ఆగాలి. ఆయన పుట్టుపేరు క్రిసిన్. పుట్టిన ఊరు ఇస్కందర్, ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు తీసుకున్నాడు. ఆ కుటుంబం తమ వంశాన్ని గోల్డెన్ హోర్డ్ సుల్తాన్ జానీబేగ్ ఖాన్ దాకా చెప్పుకునేది. వాళ్లింట్లో మగపిల్లలు లేరు, పేరు ఆగిపోకూడదని అల్లుడు ఆ పేరు మోశాడు. మన వైపు ఇల్లరికం వెళ్లిన అల్లుడు కూడా ఇంటిపేరు మార్చుకోవడం అరుదే. ఏమైనా, ఆయనను ఎంచుకున్నది పేరు చూసి కాదు. 1982లో ఇదే సల్యూత్-7 దగ్గరకు వెళ్లినప్పుడు ఆటోమేటిక్ వ్యవస్థ మొరాయిస్తే చేత్తో నడిపి తగిలించిన పైలట్ ఆయన. నాలుగుసార్లు వెళ్లొచ్చాడు, ఇది అయిదోది.

సవినిఖ్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. ఆయన మొదటి చదువు పెర్మ్ ఊళ్లో రైల్వే టెక్నికల్ స్కూల్. మన లెక్కలో పాలిటెక్నిక్ డిప్లొమా. తర్వాతే ఉన్నత చదువు చదివి ఇంజనీర్ అయ్యాడు. ఒకడు నడిపేవాడు, ఒకడు విప్పి బిగించేవాడు. ఈ జత ఎందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

మంచు కట్టిన ఇల్లు

1985 జూన్ 6న సోయుజ్ టి-13 బైకనూర్ నుంచి లేచింది. మూడో సీటు తీసేశారు. ఆటోమేటిక్ డాకింగ్ సామాను దించేశారు. దాని బదులు నీళ్లు, తిండి, పనిముట్లు ఎక్కించారు. దూరం కొలవడానికి చేత్తో పట్టుకునే లేజర్ పరికరం ఒకటి, చీకట్లో చూడటానికి ఇంకొకటి. స్టేషన్ ఎక్కడుందో కింద నుంచి రాడార్లు చెబుతుంటే, జూన్ 8న జానిబెకోవ్ కిటికీలోంచి చూస్తూ నౌకను దగ్గరకు తెచ్చాడు. దగ్గరకొచ్చేసరికి సోలార్ ప్యానెళ్లు తలోవైపు తిరిగి కనిపించాయి. దాంతో కిందనున్న వాళ్లకు అర్థమైపోయింది: లోపల కరెంటు లేదు. కరెంటు లేదంటే వేడి లేదు, గాలి తిరగడం లేదు, గాలిని శుభ్రం చేసే యంత్రం లేదు.

తగిలించారు. తలుపు తీసి లోపలికి వెళ్లారు. చిమ్మచీకటి. టార్చిలైటు వేస్తే గోడల మీద మంచు. లోపల ఎంత చలిగా ఉందో కొలవమంటే థర్మామీటర్‌లో అంకెలు చాలలేదు. ఉమ్మి చూడమన్నారు కింద నుంచి. మూడు సెకన్లలో గడ్డకట్టింది. బొచ్చు టోపీలు, మందపాటి కోట్లు వేసుకుని పనిలోకి దిగారు. ఫ్యాన్లు తిరగవు కాబట్టి వదిలిన గాలి మొహం దగ్గరే పోగవుతుంది. ఎక్కువసేపు ఉంటే తలనొప్పి, మగత. అందుకే కొంతసేపు పని, మళ్లీ నౌకలోకి. స్టేషన్‌లో నీళ్లు గడ్డకట్టాయి, వెంట తెచ్చుకున్న నీళ్లు కొద్ది రోజులకే సరిపోతాయి. అంటే గడువు కూడా పెట్టి పంపినట్టే.

జబ్బు ఎక్కడుందో వెతికితే, దొరికింది చాలా చిన్నది. బ్యాటరీ నిండిందా లేదా చెప్పే ఒక సెన్సర్. అది చెడిపోయి, ఖాళీ బ్యాటరీని చూసి 'నిండిపోయింది' అని చెబుతూ పోయింది. దాంతో చార్జింగ్ ఆగిపోయింది. బ్యాటరీలు అడుగంటాయి. వాటితో పాటు స్టేషన్ మొత్తం చచ్చింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్తదేమీ కాదు. లైటు పచ్చగానే వెలుగుతుంటుంది, కరెంటు పోయిన అయిదు నిమిషాలకే ఫ్యాను ఆగిపోతుంది.

ఎనిమిది బ్యాటరీల్లో రెండు పూర్తిగా పనికిరాకుండా పోయాయి. మిగిలిన ఆరింటికి ఇద్దరూ సోలార్ ప్యానెళ్ల నుంచి నేరుగా వైర్లు కలిపారు. గ్లవ్స్‌తో సన్న వైరు చుట్టలేం కదా. ఆ చలిలో వట్టి చేతులతో ఒక్కొక్క తీగ మెలిపెట్టి టేపు చుట్టారు. తర్వాత ప్యానెళ్లకు ఎండ తగలాలి. స్టేషన్ తనంతట తాను తిరగలేదు కాబట్టి తమ నౌక ఇంజన్లతో స్టేషన్‌ను మొత్తంగా సూర్యుడి వైపు తిప్పారు. చార్జింగ్ ఎక్కడం మొదలైంది. లైట్లు వెలిగాయి.

ఆ తర్వాత వచ్చింది అసలు చాకిరీ. వేడి పెరిగేకొద్దీ మంచు కరిగి నీరవుతుంది. అక్కడ నీరు కిందకు కారదు. పొరలా గోడలకు, వైర్లకు, పెట్టెలకు పట్టుకుని ఉంటుంది. ఎక్కడ తగిలితే అక్కడ షార్ట్ సర్క్యూట్. గుడ్డలు అయిపోతే దొరికిన బట్టలు చించి తుడిచారు. ఈ కథతో 2017లో రష్యావాళ్లు ఒక సినిమా తీశారు. అందులో పెద్ద సుత్తి పట్టుకుని స్టేషన్ బయట బాదే సీను పెట్టారు. జరిగింది అది కాదు. జరిగింది వైర్లు కలపడం, తడి తుడవడం, ఓపిగ్గా ఎదురుచూడటం. తెర మీద చూపిస్తే ఎవరూ టికెట్ కొనరు గానీ, స్టేషన్ బతికింది దాంతోనే.

జూన్ 23న సామాను నౌక వచ్చి తగులుకుంది. స్టేషన్ మళ్లీ పనిలోకొచ్చింది. సెప్టెంబరులో కొత్త బృందం వస్తే జానిబెకోవ్ దిగిపోయాడు, సవినిఖ్ నవంబరు దాకా అక్కడే ఉన్నాడు. మరుసటి ఏడాది ఇంకో జట్టు కూడా వెళ్లి పనిచేసింది. సల్యూత్-7 చివరికి 1991 ఫిబ్రవరిలో అర్జెంటీనా మీదుగా రాలిపోయింది.

ఆ జూన్ నెలలోనే ఇంకొకటి జరిగింది. సౌదీ యువరాజు సుల్తాన్ బిన్ సల్మాన్ జూన్ 17న అమెరికా షటిల్ 'డిస్కవరీ'లో ఎక్కాడు. ఆయన తొలి అరబ్ వ్యోమగామి. ఆ రోజు రంజాన్ 29. రోజాతోనే బయల్దేరాడు. అరబ్ ప్రపంచమంతా ఆయన వైపు చూస్తున్న ఆ వారంలో, ఇంకో కక్ష్యలో ఇద్దరు మనుషులు ఇంకా తడిగుడ్డలతో కుస్తీ పడుతున్నారు. వార్తల్లో చోటు ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

స్కైలాబ్ అంటే పడింది మాత్రమే కాదు

తెలుగు పల్లెల్లో అంతరిక్ష కేంద్రం అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది స్కైలాబ్. 1979లో అది నెత్తిన పడుతుందని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్ల కథలు, ఆ ఏడు పుట్టినవాళ్లకు స్కైలాబ్ అని పేర్లు పెట్టిన ముచ్చట్లు ఇప్పటికీ వినిపిస్తాయి. 2021లో ఆ పేరుతోనే తెలుగు సినిమా కూడా వచ్చింది. చివరికి జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది.

అదే స్కైలాబ్ పుట్టిన రోజే దెబ్బతిందన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు. 1973 మే 14న ఎగురుతుండగానే దాని ఎండ కవచం ఊడిపోయింది. ఒక సోలార్ రెక్క విరిగిపోయింది, రెండోది ఇరుక్కుపోయింది. లోపల వేడి 50 డిగ్రీలు దాటింది. 11 రోజుల్లో పీట్ కాన్రాడ్, జో కెర్విన్, పాల్ వైట్జ్ ముగ్గురూ బయల్దేరారు. గొడుగులాంటి గుడ్డను లోపలి నుంచి బయటకు తోసి విప్పారు, నీడ పట్టి చల్లబడింది. రెండు వారాల తర్వాత కాన్రాడ్, కెర్విన్ బయటకెళ్లి ఇరుక్కున్న రెక్కను కత్తిరించి విడిపించారు. కెర్విన్ డాక్టరు.

మరి ఆరేళ్లకు ఎందుకు పడింది? పైకి నెట్టడానికి వెళ్లాల్సిన కొత్త నౌక, అంటే షటిల్, సమయానికి తయారు కాలేదు. అది మొదటిసారి ఎగిరింది 1981లో. 1973లో వెళ్లడానికి నౌక ఉంది కాబట్టి స్కైలాబ్ బతికింది. 1979లో లేదు కాబట్టి రాలిపోయింది. మన ఊళ్లలో కోళ్లు తెగడానికి అసలు కారణం అదే అనుకోవాలి.

మొన్న చైనాకు ఏమైంది

ఇవన్నీ పాత ముచ్చట్లు, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా అనుకుంటే, 2025 నవంబరును చూస్తే చాలు. చైనా స్టేషన్ తియాన్‌గాంగ్ నుంచి నవంబరు 5న దిగాల్సిన ముగ్గురు ఆగిపోయారు. వాళ్ల నౌక షెంజౌ-20 కిటికీకి సన్నటి పగుళ్లు కనిపించాయి. అంతరిక్ష చెత్తలోని చిన్న ముక్క ఏదో తగిలిందని అనుమానం. మండే గాలిలోంచి దిగేటప్పుడు ఆ కిటికీ ఏమవుతుందో పూచీ ఎవరిస్తారు? నవంబరు 14న ఆ ముగ్గురినీ కొత్తగా వచ్చిన జట్టు నౌకలో దించారు. బాగానే ఉంది, మరి పైన మిగిలిన ముగ్గురికి? వాళ్లు దిగడానికి నమ్మకమైన నౌక లేదు. ఆ పరిస్థితి 11 రోజులు నడిచింది. నవంబరు 25న మనుషులు లేకుండా షెంజౌ-22ను పంపి గండం గట్టెక్కారు.

20 రోజుల్లో ఒక నౌకను ఎలా పంపారంటే, ఒక రాకెట్‌నూ ఒక నౌకనూ ముందే సిద్ధంగా ఉంచుకున్నారు. వాడతామో లేదో తెలియని దాని మీద అంత డబ్బు పెట్టడం బడ్జెట్ పుస్తకంలో వృథా ఖర్చులా కనిపిస్తుంది. అవసరం వచ్చిన రోజు దాని విలువ ఎంతో తెలిసింది.

రెండు రోజులు తిరగకుండా రష్యాకు ఇంకో దెబ్బ. నవంబరు 27న బైకనూర్ నుంచి సోయుజ్ ఎగిరింది, మనుషులు క్షేమంగా స్టేషన్ చేరారు. కింద లాంచ్‌ప్యాడ్‌లో మాత్రం సర్వీస్ ప్లాట్‌ఫామ్ కూలిపోయింది. రష్యా మనుషులను పంపడానికి వాడుతున్నది ఆ ఒక్క ప్యాడే. పైన స్టేషన్ ఎంత బాగున్నా, కింద మెట్టు విరిగితే ఎక్కేదెలా?

మన లెక్క

శ్రీహరికోటకు ఇందులో పాఠం ఉంది, కొంత నేర్చుకున్నారు కూడా. మనుషులతో ఎగిరే ఎల్‌వీఎం-3 లేచేది రెండో లాంచ్‌ప్యాడ్ నుంచి. మూడో ప్యాడ్‌కు 2025 జనవరి 16న కేబినెట్ ఒప్పుకుంది, ఖర్చు దాదాపు 3,985 కోట్లు, గడువు నాలుగేళ్లు. యాదృచ్ఛికమే గానీ అదే రోజు పైన స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి లేచిన ఈ జతను జోడించి పరీక్షించిన పనిలో హైదరాబాద్ సంస్థ అనంత్ టెక్నాలజీస్ ఉంది. డాకింగ్ చేసిన దేశాల్లో భారత్ నాలుగోది అయింది. చిన్న విజయం కాదు.

కానీ ఆ రెండూ ఒక్కోటి 220 కిలోల ఉపగ్రహాలు, రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి, రెండూ ఒకదాని మాట ఒకటి వింటున్నాయి. సల్యూత్-7 లాంటి మూగ స్టేషన్ దగ్గరకు కిటికీలోంచి చూస్తూ వెళ్లడం వేరే విద్య. అది మనకు ఇంకా రాలేదు. గగన్‌యాన్ వరసలో ముందు వ్యోమమిత్ర రోబోతో మనుషులు లేని ప్రయోగాలు, తర్వాత మనుషులు. ఆ మొదటి ప్రయాణంలో నౌక ఎక్కడా తగులుకోదు, 400 కిలోమీటర్ల ఎత్తులో మూడు రోజులు తిరిగి వస్తుంది. ఆ తర్వాత ఏడాదికే స్టేషన్ మొదటి మాడ్యూల్ అంటున్నారు. మధ్యలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది, టైమ్ తక్కువ.

ఇస్రో ఈ విషయంలో నిర్లక్ష్యంగా ఉందనడం అన్యాయం. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ స్టేషన్‌కు వెళ్లాల్సిన రాకెట్‌లో ఆక్సిజన్ లీకు బయటపడితే, పూర్తిగా బాగుచేసి పరీక్షించాకే ఎగరాలని పట్టుబట్టింది ఇస్రో బృందమే. అటు స్టేషన్‌లోని రష్యా మాడ్యూల్ జ్వెజ్దాలో ఏళ్ల తరబడి ఉన్న గాలి లీకు కూడా ఆ ప్రయాణాన్ని వెనక్కి నెట్టింది. చివరికి జూన్ 25న ఎగిరి, జులై 15న దిగాడు. అంటే మన రెండో వ్యోమగామి ప్రయాణం కూడా రెండు మరమ్మతుల మధ్య నుంచే సాగింది.

అసలు ప్రశ్న డబ్బుది. ఆమోదించిన ఎనిమిది ప్రయోగాల్లో 'ఎప్పుడూ సిద్ధంగా, ఎప్పటికీ వాడకపోవచ్చు' అనే నౌకకు చోటుంటుందా? పార్లమెంటులో ఎంపీలు గగన్‌యాన్ ఎప్పుడు ఎగురుతుందని అడుగుతుంటారు. మొదటి మాడ్యూల్ ఎగిరే రోజుకు రెండో నౌక షెడ్డులో నిలబడి ఉంటుందా అని కూడా అడగాలి. అది లేకుండా స్టేషన్ ఎక్కించడమంటే, మూత వేసే బృందం లేకుండా పాశర్లపూడిలో బావి తవ్వడమే.

ఎవరు వెళ్తారు

గగన్‌యాన్‌కు ఎంపికైన మొదటి నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లు. మొదటి ప్రయాణాలకు అదే సరైనది, ప్రపంచమంతా అలాగే మొదలుపెట్టింది. స్టేషన్ నడపడం మొదలయ్యాక ఆ జట్టు చాలదు. 1985లో పని పూర్తయింది జానిబెకోవ్ పక్కన సవినిఖ్ ఉండబట్టి. 1997లో మీర్ స్టేషన్‌ను సామాను నౌక ఢీకొట్టి ఒక గది గాలి పోయినప్పుడు, ఆగస్టులో బాగుచేయడానికి వెళ్లిన ఇద్దరిలోనూ ఒకరు పైలట్ సోలొవ్యోవ్, ఇంకొకరు ఇంజనీర్ వినోగ్రాదోవ్. తర్వాతి ఏడాది అక్కడి సోలార్ ప్యానెల్‌కు ఆసరా కట్టిన వాళ్లలో కజకిస్తాన్‌కు చెందిన తల్గత్ ముసాబాయెవ్ ఉన్నాడు. తెలుగు మూలాలున్న చెయ్యి కూడా ఈ పనిలో పడింది. తండ్రి వైపు హైదరాబాద్ వేళ్లున్న రాజా చారి 2022 మార్చిలో రెండుసార్లు అంతర్జాతీయ స్టేషన్ బయటకెళ్లాడు. కొత్త సోలార్ ప్యానెళ్లకు బ్రాకెట్లు బిగించడం, గొట్టాలు కలపడం. ఫొటోలో అది బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చేసేది మాత్రం ఫిట్టర్ పని.

కోనసీమలో ఈ పని చేసే చేతులు తక్కువేమీ కాదు. రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఏ వీధిలోకి వెళ్లినా కువైట్‌లోనో ఖతర్‌లోనో ఏసీ మెకానిక్‌గా, ఎలక్ట్రీషియన్‌గా, వెల్డర్‌గా చేసిన మనిషి కనబడతాడు. ముస్లిం ఇళ్లలో అయితే మరీను. 50 డిగ్రీల ఎండలో మిద్దెపైకెక్కి కంప్రెసర్ విప్పి జబ్బు ఎక్కడుందో పట్టుకునేవాడు, తన కొడుకు మాత్రం ఆ పని ముట్టుకోకూడదంటాడు. పదో తరగతి అవగానే పాలిటెక్నిక్ అంటే అబ్బా మొహం చిట్లిస్తాడు, ఐటీఐ అంటే అమ్మీ చుట్టాలకు చెప్పుకోదు. ఇంటర్ ఎంపీసీ, తర్వాత కంప్యూటర్ సైన్స్, అంతే. వాళ్లను తప్పుపట్టలేం, ఆ చెమటకు ఇక్కడ దొరికే జీతం, మర్యాద వాళ్లకు తెలుసు.

అయితే ఇస్రో టెక్నీషియన్ ఉద్యోగాలకు ఐటీఐ, టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగాలకు డిప్లొమా చదివినవాళ్లను తీసుకుంటుంది. శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ కేంద్రం కూడా నోటిఫికేషన్లు ఇస్తుంటుంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, రిఫ్రిజిరేషన్ ట్రేడులు వాటిలో కనిపిస్తాయి. వ్యోమగామి కావడం లక్షల్లో ఒకరికి. ఆ నౌకను విప్పి బిగించే గదిలోకి వెళ్లే తలుపు మాత్రం ఇంత ఇరుకు కాదు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అమలాపురంలో ఎంతమంది ఇళ్లలో అది కనబడుతుందన్నదే సందేహం. మసీదు కమిటీల వాట్సాప్ గ్రూపుల్లో గల్ఫ్ వీసా ప్రకటన వచ్చినంత వేగంగా ఇది రాదు.

స్టేషన్ మొదటి మాడ్యూల్ 2028 అన్నారు, 2035కు మొత్తం అయిదు మాడ్యూళ్లు. ఈ ఏడాది పదో తరగతి రాస్తున్న పిల్లవాడు డిప్లొమా పూర్తిచేసేసరికి 2029 వస్తుంది. మూడో లాంచ్‌ప్యాడ్ పూర్తికావాల్సిన గడువు కూడా దాదాపు అప్పుడే. అప్పటికి పైన ఒక గది తిరుగుతూ ఉండొచ్చు, దాని బ్యాటరీలు చార్జింగ్ అవుతూ ఉండొచ్చు, నిండాయో లేదో చెప్పే సెన్సర్ ఒకటి పనిచేస్తూ ఉండొచ్చు.